ఊపిరితిత్తుల బీపీ: ఎకో చాలా, గొట్టం వెయ్యాలా?

ఎకో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) రిపోర్టులో "ఆర్‌వీఎస్‌పీ 48" (ఊపిరితిత్తులకు రక్తం నెట్టే కుడి జఠరికలోని పీడనం) అని కనిపిస్తే, చేతికి పట్టీ కట్టి తీసిన బీపీలాగే నమ్మేస్తాం. ఎకో మిషన్‌కు తెలిసేది రక్తం వేగమే. పీడనం దాంట్లోంచి కట్టిన లెక్క.

లెక్క ఇదీ. గుండె కుడివైపు ట్రైకస్పిడ్ కవాటం చాలామందికి కాస్తో కూస్తో లీకవుతుంది. డాప్లర్‌తో ఆ లీకు వేగం పట్టి, వర్గం చేసి, నాలుగుతో గుణిస్తారు. సెకనుకు 3 మీటర్లైతే 36. దీనికి కుడి కర్ణికలోని (గుండె కుడివైపు పై గదిలోని) పీడనం కలపాలి. అదీ అంచనానే: పొట్టలోంచి గుండెకొచ్చే పెద్ద సిర ఎంత లావుందో, గాలి పీలిస్తే ఎంత ముడుచుకుందో చూసి 3, 8, 15లలో ఒకటి వేస్తారు. అంటే అదే లీకుకు ఒకరు 39 రాయొచ్చు, ఇంకొకరు 51. పైగా ప్రోబ్ (ఛాతీకి ఆనించే పరికరం) 30 డిగ్రీలు పక్కకు పడితే కవాటం దగ్గరి పీడనం తేడా నాలుగో వంతు తగ్గి కనిపిస్తుంది. లీకు లేకపోతే అంకే రాదు, మరీ ఎక్కువైతే సూత్రం పనికిరాదు.

రెండో పద్ధతి కాథెటర్, అంటే సిరలోంచి గుండెలోకి పంపే సన్నటి గొట్టం. 1929లో జర్మనీలో ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టర్ తన చేతి సిరలోంచి తన గుండెలోకే గొట్టం తోసుకున్నాడు. 1956లో నోబెల్ పంచుకున్నాడు. ఇప్పుడు మెడ, చేయి లేదా తొడ సిరలోంచి, తిమ్మిరి ఇంజెక్షన్‌తో చేస్తారు. రక్తస్రావం, గుండె లయ తప్పడం లాంటి ప్రమాదాలు కొద్దిగా ఉన్నాయి, కాథ్ ల్యాబ్ ఖర్చూ ఉంది. కానీ పీడనం నేరుగా తెలుస్తుంది. గొట్టం చివరి బుడగ ఊది చిన్న ధమనిని మూస్తే, తప్పు ఊపిరితిత్తుల నాళాలదా, ఎడమ గుండెదా అన్నదీ తేలుతుంది. నా దృష్టిలో కాథెటర్‌కు ఖర్చు పెట్టేది దీనికోసమే.

ఆయాసంతో వచ్చినవాళ్లకు ముందు ఎకోనే, అందులో వాదన లేదు. మందు పనిచేస్తోందా అని మళ్లీ మళ్లీ చూడ్డానికీ అదే మేలు. అయోర్టిక్ కవాటం (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే ద్వారం) సన్నబడిందా అన్న ప్రశ్నకైతే, ఎకో స్పష్టంగా ఉంటే గొట్టం అక్కర్లేదు: వేగం 4 మీటర్లు, సగటు పీడనం తేడా 40 దాటితే తీవ్రమే.

ఊపిరితిత్తుల ధమనుల జబ్బు అని తేల్చి బోసెంటాన్ లాంటి మందు మొదలుపెట్టాలంటే మాత్రం ముందు కాథెటర్ చేయించాల్సిందే. 2022 యూరప్ మార్గదర్శకాల్లో సగటు పీడనం 20 దాటడమనే నిర్వచనం కాథెటర్ కొలతకే. మూలం ఎడమ గుండెలో ఉంటే ఆ మందులు సిఫారసు చేయరు.

ఆర్‌వీఎస్‌పీ ఒక్కటే రాసి లీకు వేగం రాయని రిపోర్టులంటే నాకు చిరాకు. అడగండి. ఆ వేగం సెకనుకు 2.8 మీటర్ల లోపుంటే, ఎకోలో వేరే అనుమానాలేవీ లేకపోతే, కంగారు అక్కర్లేదు, 3.4 దాటితే కాథెటర్ సంగతి డాక్టర్‌తో మాట్లాడాలి.