శ్లాబు వేసే ముందు బీముల్లో రింగులు లెక్కపెట్టుకోండి

శ్రీకాకుళం టౌన్లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇల్లు కాంట్రాక్టుకి ఇచ్చి కట్టించుకుంటున్న వాళ్ళందరికీ ఈ పోస్టు. "ప్లానుతో పాటు స్ట్రక్చరల్ డ్రాయింగ్ (ఏ బీములో ఎంత ఇనుము వేయాలో చూపే డ్రాయింగు) కూడా మేమే ఇస్తాం, వేరే డబ్బు అక్కర్లేదు" అని కాంట్రాక్టరు అంటే వెంటనే తల ఊపకండి. నేను ఊపాను. ఇవాళ మా హాల్లో బీము కింద సరుగుడు కర్రలు నిలబడి ఉన్నాయి.

మాది బలగ వైపు. హాలు పద్దెనిమిది అడుగులు, మధ్యలో స్తంభం వద్దనుకున్నాం. పై అంతస్తులో సరిగ్గా ఆ బీము మీదే తొమ్మిదంగుళాల గోడ లేచింది. గోడ పూర్తయిన రెండు వారాలకి స్తంభం దగ్గర బీముకి బీట కనిపించింది. నిలువుగా కాదు. స్తంభం పక్కన అడుగున మొదలై, ఏటవాలుగా బీము మధ్య వైపు పైకి పాకింది. మేస్త్రిని పిలిచి చూపిస్తే "ఏటీ అవదు బాబూ, ప్లాస్టరింగు చేస్తే కప్పడిపోద్ది" అన్నాడు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

తెల్లారి ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు గారిని తీసుకొచ్చాను. బీట చూడగానే ఆయన అన్న మొదటి మాట: "ముందు కింద సపోర్టులు పెట్టించండి, తర్వాత మాట్లాడుకుందాం." బీము మధ్యలో అడుగున నిలువుగా సన్నటి బీటలొస్తే అది వంపు వల్ల, అంటే బెండింగ్. దాన్ని అడుగునున్న లావు రాడ్లు పట్టుకుంటాయి. అలా దెబ్బతినే బీము సాధారణంగా ముందు కిందికి కుంగి మనకి తెలియజేస్తుంది. స్తంభం దగ్గర ఏటవాలుగా వచ్చేది షియర్ వల్ల, అంటే బీముని అడ్డంగా కోసేలా పడే బలం. దాన్ని ఆపాల్సినవి రింగులు, అంటే లావు రాడ్ల చుట్టూ వరసగా కట్టే సన్న ఇనుప చట్రాలు. రింగులు చాలకపోతే బీము పెద్దగా కుంగకుండానే ఒక్కసారిగా విరగొచ్చు.

నేను మోసపోయింది ఇక్కడే. సెంట్రింగు మీద కాంట్రాక్టరు నాకు పదహారు ఎంఎం రాడ్లు మూడు చూపించి "ఎంత ఇనుము వేశామో చూడండి" అన్నాడు. రాడ్లు నిజంగానే వేశాడు. రింగుల సంగతి నేను అడగలేదు. ఇప్పుడు స్కానింగు చేయిస్తే ఆరు ఎంఎం రింగులు, పది అంగుళాలకొకటి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే దూరం. తీరా చూస్తే మాకిచ్చిన డ్రాయింగు పన్నెండడుగుల గది ఉన్న వేరే ఇంటిది. పేరు మాత్రం మార్చారు.

లెక్క ఇంజనీరు గారు కాగితం మీద వేసి చూపించారు. మాది తొమ్మిది అంగుళాల వెడల్పు, పద్దెనిమిది అంగుళాల లోతు బీము. ఎనిమిది ఎంఎం రింగులు 150 ఎంఎం దూరంలో కడితే డిజైను లెక్కలో రింగులు మోసే షియర్ దాదాపు 10 టన్నులు. ఆరు ఎంఎం రింగులు 250 దూరంలో కడితే 3.4 టన్నులే. కాంక్రీటు తన వంతు మోసేది వేరు. మరి దీనితో కాంట్రాక్టరుకి మిగిలిందెంత? ఆ ఒక్క బీములో సుమారు 12 కిలోల ఇనుము!

గట్టిగా అడిగితే కాంట్రాక్టరు "ఐఎస్ 456 లో (కాంక్రీటు కట్టడాలకి మన దేశపు ప్రమాణాల పుస్తకం) 300 ఎంఎం దాకా వేయొచ్చని ఉంది" అని వాదించాడు. 300 మించకూడదని ఉన్న మాట నిజమే. కానీ కనీస రింగు ఇనుము ఎంతుండాలో కూడా అందులోనే ఉంది. మా బీము వెడల్పుకి ఆరు ఎంఎం రింగులైతే 220 ఎంఎం దాటకూడదు. అది కనీసం మాత్రమే. మీద గోడ బరువు ఉంటే ఇంకా దగ్గరవ్వాలి, ముఖ్యంగా స్తంభాల దగ్గర.

కాబట్టి కాంక్రీటు పడకముందే టేపు పట్టుకుని మీరే పైకెక్కండి. స్తంభం నుంచి మొదలుపెట్టి రింగుకి రింగుకి మధ్య దూరం కొలిచి డ్రాయింగుతో పోల్చండి, ఫొటోలు తీసుకోండి. రింగు కొక్కేలు లోపలికి వంగి ఉండాలి. రింగు మందం మీద అనుమానముంటే మీటరు ముక్క కోసి తూకం వేయండి: ఎనిమిది ఎంఎం అయితే 395 గ్రాములు, ఆరు అయితే 222. డ్రాయింగు మీద మీ స్పాన్ (స్తంభానికి స్తంభానికి మధ్య దూరం), మీ గోడలు ఉన్నాయో లేదో, ఇంజనీరు సంతకం ఉందో లేదో చూశాకే శ్లాబు డబ్బు ఇవ్వండి.

మా బీముకి చుట్టూ కొత్త రింగులు కట్టి జాకెటింగు, అంటే కాంక్రీటు తొడుగు, చేయాలట. పై గోడ తీసేసి తేలిక బ్లాకులతో కట్టాలట. కాంట్రాక్టరు ఫోను ఎత్తడం మానేశాడు. మా వీధి చివర ఇంకో ఇల్లు ఇదే డ్రాయింగుతో లేస్తోంది. నిన్న సాయంత్రం వెళ్ళి వాళ్ళకి మా బీట ఫొటో చూపించాను. ఆదివారం వేయాల్సిన శ్లాబు ఆపుకున్నారు.