12,000 రూపాయల గర్భ సంస్కార తరగతులు

2025 ఆగస్టులో, నాకు అయిదో నెల నడుస్తున్నప్పుడు, మా ఆడపడుచు ముచ్చటపడి ఫీజు కట్టి నన్ను గర్భ సంస్కార తరగతులలో, అంటే కడుపులో ఉండగానే బిడ్డకు మంచి గుణాలు, తెలివి అలవరుస్తామనే తరగతులలో, చేర్పించింది. హైదరాబాదులో మా ఇంటికి దగ్గరలోనే, ఒక అపార్ట్‌మెంటు పై అంతస్తులో, ఎనిమిది ఆదివారాలు అవి జరిగాయి. ఫీజు 12,000 రూపాయలు. దానితోపాటు ఒక రాగి చెంబు, వీణ కచేరీలున్న పెన్‌డ్రైవ్, గ్రాము కుంకుమపువ్వు ఇచ్చారు. గది శుభ్రంగా ఉంది, నడుముకు దిండ్లు వేశారు, సమయపాలన బాగుంది. చివరి అరగంట ఒక ఫిజియోథెరపిస్టు వచ్చి ఊపిరి తీసే పద్ధతులు, నడుము నొప్పి తగ్గే కదలికలు నేర్పేవారు. మిగిలిన గంటన్నర గురించే ఈ సమీక్ష.

మొదటి రెండు వారాలు సంగీతంతో గడిచాయి. వీణానాదంతో గర్భస్థ శిశువు మెదడు పదునెక్కుతుందని విదేశీ పరిశోధనలో తేలిందన్నారు. ఏ పరిశోధన అని అడిగితే పాశ్చాత్య సంగీతకర్త మోజార్ట్ పేరు చెప్పారు. 1993లో నేచర్ అనే విజ్ఞాన పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో పాల్గొన్నది 36 మంది కాలేజీ విద్యార్థులు. పది నిమిషాలు మోజార్ట్ సంగీతం విన్నాక, ఆకారాలను మనసులో ఊహించే ఒక పరీక్షలో వారి మార్కులు కొంత పెరిగాయి, పావుగంట తిరిగేసరికి ఆ తేడా పోయింది. అందులో గర్భిణులు లేరు, శిశువులు లేరు, వీణ అసలే లేదు. ఆరో నెల నాటికి బిడ్డకు శబ్దాలు వినిపిస్తాయన్నదీ, పుట్టిన కొద్ది రోజులకే బిడ్డ తల్లి గొంతును పోల్చుకుంటుందన్నదీ నిజమే. అయితే గొంతు పోల్చుకోవడానికీ తెలివి పెరగడానికీ సంబంధం లేదు.

మూడో వారం అభిమన్యుడి కథ చెప్పారు. అర్జునుడు పద్మవ్యూహం గురించి చెబుతుండగా సుభద్ర నిద్రపోయింది కాబట్టి కొడుకుకు బయటపడే దారి తెలియలేదట, అందుకని మేము పాఠాలు వినేటప్పుడు కునుకు తీయకూడదట. వ్యాసుని ద్రోణపర్వంలో అభిమన్యుడు ధర్మరాజుతో చెప్పే మాట వేరు: వ్యూహాన్ని ఛేదించడం తండ్రి నేర్పాడు, బయటికి రావడం తనకు తెలియదు. అక్కడ తల్లి నిద్ర ప్రస్తావన లేదు. తండ్రి పూర్తిగా నేర్పని పాఠానికి తల్లి కునుకును కారణం చేసిన కథను, నడుము నొప్పితో రాత్రుళ్లు నిద్రపట్టని పదిమంది ఆడవాళ్లకు చెప్పడం నాకు నచ్చలేదు.

నాలుగో వారం జరిగిన విషయాన్ని మాత్రం నేను మరచిపోలేకపోతున్నాను. మాతో పాటు వచ్చే ఒకామెకు అంతకు ముందు మూడో నెలలో గర్భం పోయింది. బోధకురాలు ఆమె చేయి పట్టుకుని, ఎంతో మెత్తగా, "ఆ రోజుల్లో మనసులో ఏదైనా దిగులు పెట్టుకున్నావా అమ్మా?" అని అడిగారు. ఆమె ఏడుస్తూ తల ఊపింది. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాలలో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల (జన్యువులను మోసే పోగుల) లెక్క తప్పడం, అది చాలావరకు అండమో శుక్రకణమో తయారయ్యేటప్పుడే, అంటే దిగులు పడేందుకు గర్భం అనేదే లేనప్పుడే, జరిగిపోతుంది. ఈ సంగతి చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం తెలియనివారు గర్భిణులకు బోధించడానికి కూర్చోవడమే నా ప్రధానమైన అభ్యంతరం. ఎనిమిది వారాలలో తండ్రుల గురించి వచ్చిన మాట ఒక్కటే, భార్యను సంతోషంగా ఉంచాలని. ఇంట్లో సిగరెట్టు పొగ పీల్చే గర్భిణికి బిడ్డ తక్కువ బరువుతో పుట్టే అవకాశం పెరుగుతుందని కూడా ఎవరూ చెప్పలేదు.

సెప్టెంబరు 7 నాటి చంద్రగ్రహణానికి ముందు, కత్తి పట్టుకోవద్దనీ, పట్టుకుంటే గ్రహణం మొర్రి వస్తుందనీ హెచ్చరించారు. ఆ లోపానికి మన భాషలో పేరే అలా ఉండడంతో భయం సులువుగా అంటుకుంటుంది. పై పెదవి అతుక్కునేది గర్భం నాలుగు నుంచి ఏడు వారాల మధ్య. మా తరగతిలో అందరమూ అయిదో నెల దాటినవాళ్లమే కాబట్టి మా పిల్లల పెదవులు ఎప్పుడో ఏర్పడిపోయాయి. ఆ రాత్రి నేను ఉల్లిపాయలు తరిగాను, తర్వాత మేడ మీదికి వెళ్లి ఎర్రబడిన చంద్రుణ్ణి చూశాను.

అసలు ప్రమాదకరమైన సలహా ఆరో వారంలో వచ్చింది. కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందనీ, ఐరన్ మాత్రలు వేడి చేస్తాయనీ, బిడ్డ రంగు తగ్గిస్తాయనీ చెప్పారు. రంగును నిర్ణయించేవి తల్లిదండ్రులిద్దరి జన్యువులు. మాత్రలతో నల్లబడేది మలం మాత్రమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణులలో 52 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం గర్భిణికి 180 రోజులపాటు ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఆ రెండో మందు వెనుక మన దేశపు స్త్రీల కథే ఉంది. 1928లో బొంబాయికి వచ్చిన బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులను పట్టి పీడిస్తున్న ఒక రకం రక్తహీనతకు కారణం వెతుకుతూ, వారు తినే తిండిని పరిశీలించారు. ఈస్టు సారంతో అది నయమవుతుందని ఆమె 1931లో ప్రకటించిన ఫలితమే తర్వాత ఫోలిక్ యాసిడ్‌ను గుర్తించడానికి దారి చూపింది. కుంకుమపువ్వు పాలు తాగాలని ఉన్నవారు తాగవచ్చు, కానీ పాలలోని కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు కాబట్టి మాత్రకూ పాలకూ మధ్య రెండు గంటలైనా ఎడం ఉంచాలి.

చివరి ఆదివారం అభిప్రాయ పత్రంలో ఇవన్నీ రాసి ఇచ్చాను. సమాధానం రాలేదు. ఆ ఫిజియోథెరపిస్టు విడిగా కూడా నెలకు 1,500 రూపాయలకు నేర్పుతారని తెలిసింది. ఏడో నెల నుంచి నేను అక్కడికే వెళ్తున్నాను, చేయి పట్టుకుని ప్రశ్న అడిగించుకున్న ఆమె కూడా నాతో వస్తోంది.