మూడేళ్ల బ్రాడ్‌కాస్ట్ లిస్ట్: పెదనాన్న పాట, అత్తయ్య అలక

నెట్‌లో దొరికిన మంచి విషయాలు మావాళ్లకు పంపడానికి వాట్సాప్ ఫ్యామిలీ గ్రూప్ మానేసి బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌కి మారి మూడేళ్లు దాటింది. లిస్ట్‌లో 34 మంది ఉన్నారు. ఎలా పెట్టుకోవాలో చాలామందికి తెలుసు కాబట్టి అది వదిలేస్తాను. నాకు ప్రాణంలా నచ్చింది ఒక్కటే. మనం పంపింది ఒక్కొక్కరికీ మామూలు మెసేజ్‌లా విడిగా చేరుతుంది, జవాబు మనకొక్కరికే వస్తుంది.

మా గ్రూప్‌లో గుడ్ మార్నింగ్ పూలు, పెళ్లిరోజు శుభాకాంక్షల మధ్య నేను ఏం పంపినా ఒకటో రెండో దండాలు వచ్చేవి, అంతే. పెద్దవాళ్లు నోరు విప్పేవారు కాదు. "అందరూ చూస్తారు కదమ్మా, తప్పు రాస్తే బాగోదు" అని మా పెదనాన్న ఒకసారి అన్నారు.

లిస్ట్ పెట్టిన కొత్తలో సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు లింకు పంపాను. మొదట 1852లో వచ్చిన పుస్తకం అది. కందుకూరి వీరేశలింగం గారి చెయ్యి కూడా పడిన 1903 నాటి కూర్పును చికాగో విశ్వవిద్యాలయం వాళ్లు నెట్‌లో పెట్టారు, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. అందులో 'ఏతాము' (పొలానికి నీళ్లు తోడే పాతకాలపు దూలం, ఏతం అనీ అంటారు) అన్న మాట దగ్గర స్క్రీన్‌షాట్ తీసి, "దీన్ని ఎవరైనా చూశారా?" అని అడిగాను.

ఆ రాత్రి పెదనాన్న దగ్గర్నుంచి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ వచ్చింది. బొబ్బిలి దగ్గర మా ఊళ్లో తాతయ్య ఏతం దూలం మీద ముందుకీ వెనక్కీ నడుస్తుంటే, కింద నిలబడి బాన ముంచి, పైకొచ్చాక కాలవలోకి ఒంపింది తనేనట. అప్పటికి ఆయనకి పదమూడేళ్లు. ఎన్ని బానలు తోడారో లెక్క తప్పకుండా పాట పాడుకునేవారట. అందులో రెండు చరణాలు పాడి వినిపించారు. చివర్లో గొంతు పట్టేసింది. ఆయన పాడగా నేను ఎన్నడూ వినలేదు.

ఆ ఊపులో కనిపించిన ప్రతివాళ్లకీ గ్రూపులు మానేసి లిస్ట్ పెట్టుకోమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

కిందటేడు ఒక పెళ్లిలో మా అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "ఏటమ్మా, నాకు పంపడం మానేసినావు? నానేటి తప్పు చేసినాను?" అంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ప్రతి ఆదివారం పంపుతూనే ఉన్నాను. జవాబు రాకపోతే తనకే ఓపిక లేదేమో అనుకున్నాను. ఆ పెళ్లికి ఏడు నెలల ముందు అత్తయ్య కొత్త ఫోన్ కొన్నప్పుడు పాత నంబర్లు అందులోకి రాలేదట. నేను ఫోన్ చేసినప్పుడల్లా గొంతు పోల్చుకుని మాట్లాడుతోంది. అవతలివాళ్ల ఫోన్లో మన నంబరు సేవ్ అయి ఉంటేనే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ వాళ్లకు చేరుతుంది. ఎవరికి చేరిందో మెసేజ్ ఇన్ఫోలో కనిపిస్తుంది కానీ, నేను ఒక్కసారీ తెరిచి చూడలేదు. ఏడు నెలలు అత్తయ్య మనసులో బాధ పెట్టుకుని తిరిగింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది. ఇప్పుడు నెలకోసారి ఇన్ఫో తెరిచి పేర్లన్నీ చూసుకుంటున్నాను.

ఇంకో సంగతి కూడా ఉంది. జవాబు నాకొక్కదానికే రావడమన్న ఆ మంచి గుణం వల్లే పెదనాన్న పాట ఆయన పిల్లలకి ఏడాది దాకా తెలియలేదు. ఆయన్ని అడిగి, సరే అన్నాక పంపాను. "మాకెప్పుడూ చెప్పలేదే" అని అక్క ఏడ్చింది. గ్రూప్‌లో అయితే అందరూ అప్పుడే వినేవాళ్లు. కానీ గ్రూప్‌లో ఆయన పాడేవారు కాదేమో కూడా.

నేను హైదరాబాద్‌లో ఉంటాను, నా లిస్ట్‌లో సగం మంది అరవై దాటినవాళ్లు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయడానికి నాకు ఆదివారం సాయంత్రాలు ఖాళీ ఉంటాయి. అందుకే నాకు ఇది కుదిరింది. అంత తీరిక లేనివాళ్లకి, నలుగురూ కలిసి మాట్లాడుకోవాలనుకునేవాళ్లకి గ్రూపే నయం.

వచ్చే ఆదివారం 'ఉట్టి' పంపుతున్నాను. అత్తయ్య ఫోన్లో నా నంబరు ఆ పెళ్లిలోనే నా చేతులతో సేవ్ చేశాను, 'మేనకోడలు' అని.