ప్లగ్గు మార్చాలా, కాయిల్ మార్చాలా?

తాడు ఎంత లాగినా బోటు ఇంజిన్ అందుకోవడం లేదా? ముందు కిల్ స్విచ్ (ఇంజిన్ ఆపే స్విచ్) క్లిప్పు చూడండి. అది ఊడితే స్పార్క్ రాదు, నేనూ ఓసారి అలాగే చెమటలు కక్కాను.

ఖర్చు: ప్లగ్గు వందల్లో, కాయిల్ (ప్లగ్గుకు హై వోల్టేజి కరెంటు ఇచ్చేది) సాధారణంగా వేలల్లో.
శ్రమ: ప్లగ్గుకు ఒక పానా చాలు. కాయిల్‌కు ఉప్పు పట్టిన బోల్టులతో కుస్తీ.
రిస్క్: అసలు లోపం సీడీఐ బాక్సులో (స్పార్క్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెలో) ఉంటే కాయిల్ డబ్బు నీళ్లపాలే.

టూ స్ట్రోక్‌లో నూనె ఎక్కువైతే ప్లగ్గు మొన నల్లగా, జిడ్డుగా కనిపిస్తుంది. అప్పుడు ప్లగ్గే మార్చండి. కొత్తది వేసినా రెండు సిలిండర్లలో ఒకటి పలకకపోతే, కాయిల్స్ విడివిడిగా ఉన్న ఇంజిన్లో వాటిని అటూ ఇటూ మార్చి చూడండి. లోపం కాయిల్ వెంటే రెండో సిలిండర్‌కు వెళ్తే కాయిల్ కొనండి. రెండింటికీ స్పార్క్ లేకపోతే ఏదీ కొనకుండా ముందు కిల్ స్విచ్ వైర్లలో లోపం వెతకండి.