ఇంట్లో నల్లరంగు వేసిన హెడ్‌లైట్లు: ఎండలూ వానలూ గడిచాక ఎలా ఉన్నాయంటే

నా కారు హెడ్‌లైట్ల లోపల బల్బు చుట్టూ మెరిసే క్రోమ్ ఫ్రేమ్ ఉండేది. దాన్నే బెజెల్ అంటారు. లైట్లు విప్పి ఆ బెజెల్‌కి నల్లరంగు వేసి చాలాకాలమే అయింది. చూసినవాళ్ళు ముందుగా అడిగేది ఏ రంగు వాడావు, ఊడిపోలేదా అని. రంగు ఊడలేదు. నిజానికి ఈ పనిలో రంగు వేయడమే తేలిక. లెన్స్ (లైటు ముందుండే పారదర్శక మూత) విప్పడం, మళ్ళీ నీళ్ళు దూరకుండా మూయడం, ఈ రెండూ ఎలా చేశారన్న దాన్ని బట్టే ఆ లైట్లు ఎన్నాళ్ళు ఉంటాయో తేలుతుంది.

విప్పేముందు లెన్స్‌ని ఏ జిగురుతో అతికించారో చూసుకోవాలి. బయటి లెన్స్ పాలీకార్బొనేట్, వెనక నల్లటి డబ్బా ఎక్కువగా పాలీప్రొపిలీన్. ఈ రెండింటి మధ్య బ్యూటైల్ అనే రబ్బరు జిగురు ఉంటే అదృష్టమే, వేడి చేస్తే మెత్తబడి బంకలా సాగుతుంది. కొన్ని లైట్లలో వేడికి లొంగని గట్టి సీలెంట్ ఉంటుంది, దాన్ని కోసి తీయాల్సిందే. అలాంటివి ఇంట్లో విప్పే పని పెట్టుకోవద్దనే చెబుతాను. నావి బ్యూటైల్‌వి. చాలామంది లైటు మొత్తాన్ని 110 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో కొద్ది నిమిషాలు పెడతారు. నేను హీట్ గన్‌తో ఒక మూల నుంచి మొదలుపెట్టి, మెత్తబడిన మేరకే లాగుతూ పోయాను. టైమ్ ఎక్కువ పడుతుంది, కానీ ప్లాస్టిక్ ఎక్కడ వేడెక్కుతోందో కళ్ళముందే ఉంటుంది. బల్బులు, వెనక మూతలు, అంచుల్లో దాగిన స్క్రూలు అన్నీ ముందే తీసేయాలి. ఒక్క స్క్రూ మిగిలినా ఎంత లాగినా లెన్స్ రాదు, వచ్చినా పగిలే వస్తుంది.

లెన్స్ ఊడగానే చేయి రిఫ్లెక్టర్ మీదకు పోతుంది. దాన్ని మాత్రం తాకకండి. ఆ మెరుపు అంతా పలచటి అల్యూమినియం పూత. వేలిముద్ర పడిందని గుడ్డతో తుడిస్తే ముద్రతో పాటు మెరుపు కూడా పోతుంది. వెలుగును రోడ్డు మీదకు తోసేది అదే కాబట్టి రంగు దాని మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. కొన్ని కార్లలో బెజెల్, రిఫ్లెక్టర్ ఒకే ముక్కగా వస్తాయి. మాస్కింగ్ టేప్ అంటించి రంగు కొట్టొచ్చని చెప్పేవాళ్ళున్నారు. ఆ టేప్ తీసేటప్పుడు పూతను పట్టుకొస్తే ఇక చేసేదేమీ ఉండదు. బెజెల్ విడిగా రాకపోతే ఈ పని వదిలేయడమే మేలు.

ఇక రంగు. క్రోమ్ నున్నగా ఉంటుంది, నేరుగా కొడితే గోటితో గీరినా పొరగా లేచి వస్తుంది. 600 నంబర్ వాటర్ పేపర్‌తో, తర్వాత 800తో, మెరుపు పూర్తిగా చచ్చేదాకా రుద్దాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టి, దాని మీద శాటిన్ బ్లాక్‌ని, అంటే మరీ మెరవని నలుపుని, పలచటి పొరలుగా వేశాను. బాగా మెరిసే గ్లాసీ బ్లాక్ ఫొటోల్లో బాగుంటుంది. కానీ మూసేశాక లోపల మిగిలిన చిన్న దుమ్ము కణం కూడా దాని మీద తెల్లగా కనబడుతుంది, తుడవడానికి దారి ఉండదు. అందుకే శాటిన్. ఇన్నాళ్ళ తర్వాత తేడా వచ్చింది ఒక్కచోటే: బల్బుకు మరీ దగ్గరగా ఉన్న వంపు దగ్గర రంగు కాస్త వెలిసింది. 60/55 వాట్ల హెచ్4 హాలోజన్ బల్బు తీసుకునే కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది కాబట్టి అది వింతేమీ కాదు. వంగి దగ్గరగా చూస్తే తప్ప తెలియదు.

రంగు వేశాక చేతికి అంటకపోతే ఆరిపోయినట్టు కాదు. లోపల ఇంకా సాల్వెంట్ (రంగును పలచగా ఉంచే ద్రవం) ఉంటుంది. తొందరపడి మూసేస్తే బల్బు వేడికి ఆ ఆవిరి బయటికొచ్చి, చల్లగా ఉండే లెన్స్ లోపలి వైపు పాలపొరలా పేరుకుంటుంది. తుడవాలంటే మళ్ళీ విప్పాల్సిందే. నేను బెజెల్స్‌ని రోజుల తరబడి ఎండలో వదిలేశాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన బొత్తిగా రాని రోజునే మూశాను. ఇప్పటికీ లెన్స్ లోపల తేటగానే ఉంది.

మూసేటప్పుడు పాత బ్యూటైల్‌ని గాడిలోంచి పూర్తిగా గీకేసి, తాడులా దొరికే కొత్త బ్యూటైల్ పెట్టాను. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం వద్దు. ఆరేటప్పుడు అది వదిలే ఎసిటిక్ ఆమ్లం ఆవిరి రిఫ్లెక్టర్ పూతను తినేస్తుంది. ఎడమ లైటులో మొదటి నుంచీ ఏ ఇబ్బందీ లేదు. కుడిదాని పై మూలలో మాత్రం ఒక పెద్ద వాన తర్వాత నీటి చుక్కలు కనబడ్డాయి. ఆ మూలను మళ్ళీ వేడి చేసి, నొక్కి, క్లాంపులతో రాత్రంతా బిగించి ఉంచాక మళ్ళీ రాలేదు. కడిగిన తర్వాత పలచగా ఆవిరి పట్టి, లైటు వేయగానే పోతే కంగారు పడక్కర్లేదు. వెనక ఉండే గాలి రంధ్రాల పని అదే, వాటిని ఎప్పుడూ మూయకూడదు. చుక్కలు కట్టి కింద నీరు చేరితేనే లీకు.

లెన్స్ బయట స్మోక్ ఫిల్మ్ (పొగరంగు పలచటి షీటు) కూడా కొన్నాళ్ళు వేసి చూశాను. పగలు కారు గంభీరంగా కనిపించింది, నిజమే. తడిసిన రోడ్డు మీద రాత్రి నడిపితే ముందున్న గుంత దగ్గరికొచ్చేదాకా కనపడలేదు. తీసేశాను. ఫిల్మ్ కనీసం ఊడదీయొచ్చు, స్ప్రే టింట్ అయితే గీకి తీయాలి, దాంతో లెన్స్ మీదున్న గట్టి పూత కూడా పోతుంది. పైగా వెలుగును తగ్గించినా, రంగు మార్చినా చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. లోపలి బెజెల్ నలుపు చేస్తే వెలుగులో నాకు తేడా ఏమీ కనపడలేదు, నాకు నచ్చింది అందుకే.

ఎలాగూ విప్పాం కదా అని పసుపెక్కిన లెన్స్ బయటివైపును కూడా నీళ్ళతో 1000, 1500, 2000, 3000 పేపర్లతో వరసగా రుద్ది పాలిష్ పట్టాను. దాని మీద యూవీ పూత వేయకపోతే కొన్ని నెలల్లోనే పసుపు తిరిగొస్తుంది. రెండు భాగాలు కలిపి కొట్టే టూకే క్లియర్ కోట్ ఎక్కువ కాలం నిలుస్తుంది కానీ అందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్లు ఉంటాయి, మామూలు మాస్కుతో కొట్టే సరుకు కాదది. నేను గుడ్డతో పూసే రకం వాడి, మసకబారుతున్నప్పుడల్లా మళ్ళీ పూస్తున్నాను. లెన్స్‌ని థిన్నర్‌తో తుడవకండి, పాలీకార్బొనేట్‌లో సన్నని పగుళ్ళు లేస్తాయి.

లైట్లు తీసేముందు చదును నేల మీద కారును గోడకు ఎదురుగా నిలిపి, వెలుగు గీత ఎక్కడ పడుతోందో టేప్‌తో గుర్తు పెట్టుకోండి. తిరిగి బిగించాక వెనకున్న స్క్రూలతో అదే గీతకు తెచ్చుకోవాలి, లేకపోతే ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో కొడుతుంది. వీలైతే పాత సామాన్ల దగ్గర మీ మోడల్‌వే ఇంకో జత తెచ్చుకుని వాటి మీద పని చేయండి. రంగు ఎన్నాళ్ళు ఆరినా టెన్షన్ ఉండదు, కారు ఆగిపోదు.