కెప్టెన్ కుర్చీయా, పైలట్ నిచ్చెనా: ఏది మేలు?

ఓడ నడపాలనే మోజుతో ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు ఆలస్యంగా తెలిసే సంగతి ఒకటుంది. ఓడను తిప్పే పని కెప్టెన్‌కు పెద్దగా దొరకదు. నడిసముద్రంలో ఆటోపైలట్ ఉంటుంది, వాచ్‌లో, అంటే వంతుల వారీ కాపలా డ్యూటీలో, ఆఫీసర్లు ఉంటారు. తీరా రేవు దగ్గరపడి అసలు పని మొదలయ్యే వేళకు ఓ చిన్న బోటు వచ్చి పక్కన ఆనుకుంటుంది. ఆ రేవు దారులు తెలిసి ఓడల్ని లోపలికి నడిపించే హార్బర్ పైలట్ తాడు నిచ్చెన పట్టుకుని పైకొస్తాడు. కెప్టెన్‌తో నాలుగు మాటలు మాట్లాడి, ఓడ కొలతలున్న పైలట్ కార్డు ఓసారి చూసుకుని, "డెడ్ స్లో అహెడ్" (బాగా నెమ్మదిగా ముందుకు) అంటాడు. అక్కణ్నుంచి ఓడను లాగే, నెట్టే చిన్న టగ్గు పడవలకు చెప్పేదీ, చుక్కాని ఎంత తిప్పాలో చెప్పేదీ ఎక్కువగా ఆయనే.

మరి కెప్టెన్ చేసేదేమిటి? ఒక చిన్న ఊరిని నడపడం. ఇరవై పాతిక మంది జీతాల లెక్క, విశ్రాంతి గంటల రికార్డు, ఆఫీసు నుంచి ఆగకుండా వచ్చే మెయిళ్లు, రేవులో దిగగానే తనిఖీ అధికారులు. చాలా సరుకు ఓడల్లో డాక్టరు ఉండడు కాబట్టి, ఎవరికైనా కడుపునొప్పి వస్తే రేడియోలో వైద్యుల సలహా తీసుకుని మందు ఇప్పించే బాధ్యతా ఆయనదే. పడుకునే ముందు నైట్ ఆర్డర్ బుక్‌లో అనుమానం వస్తే నన్ను లేపండని రాసి సంతకం పెడతాడు. లేపుతారు కూడా. నియమాల ప్రకారం వాచ్ చేసేవాళ్లకు 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలి. కెప్టెన్‌కూ అంతే, కాకపోతే ఆయన మంచం పక్కన ఫోన్ ఉంటుంది.

పైలట్ ఉద్యోగంలో టెన్షన్ లేదనుకోవద్దు. అదంతా కొన్ని గంటల్లో పోగుపడుతుంది, అంతే. ఒకే నది, ఒకే కాలువ, అందులో ఏ మూల ఎంత లోతో, పోటు ఎటు లాగుతుందో నోటికి రావాలి. అమెరికాలో పైలటేజ్ పరీక్షకు ఆ దారి చార్టును జ్ఞాపకం నుంచే గీయించేవారు. పని అయ్యాక దిగి ఇంటికి వెళ్లొచ్చు. కెప్టెన్‌కు మాత్రం రిలీవర్ వచ్చేదాకా నెలల తరబడి ఇల్లు లేదు.

నింద విషయానికొస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. పైలట్ బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో ఉన్నా, చాలాచోట్ల బాధ్యత కెప్టెన్‌దే. పనామా కాలువ లాంటి మినహాయింపులు తక్కువ. 2007 నవంబర్ 7న పొగమంచులో కాస్కో బుసాన్ ఓడ శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి స్తంభాన్ని రాసుకుపోయి చమురు ఒలికింది. అక్కడ జైలుకు వెళ్లింది పైలటే. సరిగ్గా నెలకు, డిసెంబర్ 7న, దక్షిణ కొరియా తీరంలో లంగరేసి ఉన్న హెబీ స్పిరిట్ ట్యాంకర్‌ను, తాడు తెగి కొట్టుకొచ్చిన క్రేన్ బార్జ్ (క్రేన్ మోసే బల్లపరుపు పడవ) గుద్దింది. 10,000 టన్నులకు పైగా చమురు పోయింది. ఓడ కదలనే లేదు, అయినా దాని కెప్టెన్ ఏడాదిన్నర దాకా ఆ దేశం దాటలేకపోయాడు. పైలట్ తన చేతిలో జరిగిన దానికి జవాబు చెప్పుకుంటాడు, కెప్టెన్ తన ఓడకు జరిగినదానికీ చెప్పుకోవాలి. నన్ను అడిగితే ఈ రెండు కొలువుల మధ్య అసలు తేడా ఇదే. జీతం, హోదా దీని తర్వాతే.

కాబట్టి ఓడను మలుపు తిప్పడంలో మజా దొరికేవాళ్లకు పైలట్ పనే మేలంటాను. మనుషుల్ని, లెక్కల్ని, గొడవల్ని ఒంటిచేత్తో సంబాళించడం ఇష్టమైతే కెప్టెన్‌గానే ఉండిపోవచ్చు. చాలా రేవులు పైలట్‌గా తీసుకోవడానికి ముందు పెద్ద ఓడల మీద అనుభవం చూస్తాయి, కొన్నిచోట్ల మాస్టర్ సర్టిఫికెటే, అంటే కెప్టెన్ అర్హత పత్రమే, అడుగుతాయి. అంటే క్యాడెట్ (శిక్షణలో ఉన్న కుర్రాడు) నుంచి పదేళ్లకు పైగా పట్టే దారి ఇద్దరికీ దాదాపు ఒకటే. అయితే మరీ ఆలస్యం చేయకూడదు. ఆ తాడు నిచ్చెన 9 మీటర్ల దాకా ఉండొచ్చు. కింద బోటు అల మీద లేచి పడుతుంటుంది, చేతులకూ మోకాళ్లకూ ఇంకా సత్తువ ఉన్నప్పుడే ఆ పనిలోకి మారాలి.