పనిబట్టల బొమ్మల కోసం లండన్, ఎడిన్‌బరో

పట్టు గౌన్ల బొమ్మలు బ్రిటన్‌లో ఎక్కడైనా కనిపిస్తాయి. నాకు కావలసినవి ఒళ్లు వంచి పనిచేసిన ఆడవాళ్ల బట్టలు తొడిగిన పాత బొమ్మలు. మీదీ అదే ఇష్టమైతే లండన్ కంటే ఎడిన్‌బరోకి ఎక్కువ సమయం పెట్టుకోండి.

లండన్‌లో బెత్నల్ గ్రీన్ స్టేషన్ పక్కనే యంగ్ వీ అండ్ ఏ మ్యూజియం, అంటే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాళ్ల పిల్లల శాఖ. టికెట్ లేదు. 2023లో మళ్లీ తెరిచాక అది పూర్తిగా పిల్లల లోకం. పిల్లలతో వెళ్లేవాళ్లకు చాలా బాగుంటుంది కానీ, కుట్లు చూస్తూ నిలబడదామంటే ఆ సందడిలో కుదరదు.

నన్ను కట్టిపడేసిన బొమ్మ పాతవస్తువుల సంతలో దొరికింది. గాజు మూత కింద పెడ్లర్ బొమ్మ, అంటే ఊరూరా తిరిగి చిల్లర సామాను అమ్ముకునే ముసలావిడ. ఎర్ర ఉన్ని క్లోక్ (భుజాల మీంచి వేలాడే పైవస్త్రం), నల్ల బానెట్ (గడ్డం కింద ముడేసే టోపీ), ముడతలు తేలిన తోలు ముఖం. బుట్టలో గోరంత కత్తెర, రిబ్బన్ చుట్టలు, దారపు కండెలు. 19వ శతాబ్దంలో వీటిని ఇళ్లలో ఆడవాళ్లు తీరిక వేళల్లో చేసుకునేవారు. పోర్ట్స్‌మత్ దగ్గరి మిల్టన్‌లో సీ అండ్ హెచ్ వైట్ పేరుతో అమ్మకానికీ చేశారు. వీటిలో నకిలీలు ఎక్కువ. అమ్మే ఆవిడ భూతద్దం చేతికిచ్చి, బుట్టలో ఏది పాతదో, ఏది తర్వాత అంటించిందో విడివిడిగా చూపించింది. కొంటే అలాంటివాళ్ల దగ్గరే కొనాలి.

ఎడిన్‌బరోలో పాత ఊరి ప్రధాన వీధి రాయల్ మైల్ మీద 1955 నాటి మ్యూజియం ఆఫ్ చైల్డ్‌హుడ్ కూడా ఉచితమే. అది చూశాక ట్రామ్ ఎక్కి న్యూహేవెన్ రేవుకి తప్పకుండా వెళ్లండి. స్కాట్లాండ్ ఫిష్‌వైఫ్ (చేపలమ్మే ఆవిడ) బొమ్మలకు తొడిగే చారల పెటీకోట్లు ఈ రేవు నుంచి చేపలు మోసుకెళ్లి అమ్మిన ఆడవాళ్లు కట్టినలాంటివే. ఒకదాని మీద ఒకటి వేసుకుని, పైదాన్ని నడుం దగ్గరికి ఎత్తి దోపేవారు. అది సోకు కోసం కాదు, వీపున మోసే చేపల గంప ఒరుసుకోకుండా మెత్తగా ఉండటానికి. గంప పట్టీ నుదుటి మీదుగా వచ్చేది. 1840లలో తొలితరం స్కాట్ ఫొటోగ్రాఫర్లు హిల్, ఆడమ్‌సన్ తీసిన వీళ్ల ఫొటోలు ముందే చూసుకుని వెళ్లండి. బొమ్మకు బట్టలు కుట్టిన చేతులు ఆ ఆడవాళ్లను ఎంత దగ్గరగా గమనించాయో అప్పుడు తెలుస్తుంది. గంప బరువు ఆనే చోట మడతలు లేని బొమ్మ నాకు అంతగా నచ్చదు.

బస విషయానికొస్తే, రాయల్ మైల్ పక్క సందులో తీసుకున్న గదికి లిఫ్ట్ లేదు, మూడంతస్తుల ఇరుకు మెట్లు. బుకింగ్‌లో ఆ సంగతే రాయలేదు. రాత్రి కింద గోలకు నిద్ర లేదు. ఎడిన్‌బరో రేవు ప్రాంతం లీత్‌కి మారాక ప్రాణం కుదుటపడింది. ట్రామ్ దగ్గర, వీధి ప్రశాంతం, ఇంటావిడ గది సిద్ధం కాకముందే సామాను తీసుకుని లోపల పెట్టించింది. ఆగస్టులో మాత్రం వద్దు. ఫెస్టివల్ రోజుల్లో గదులు దొరకడమే కష్టం, దొరికినా అద్దెలు మండిపోతాయి.